నమోదా, హాజరా? : కాలిఫోర్నియా ప్రభుత్వ పాఠశాలల నిధుల సూత్రం – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ప్రభుత్వ పాఠశాలలకిచ్చే సాధారణ నిధులను బడిలో నమోదైన పిల్లల సంఖ్యను బట్టి కాక, రోజువారీ హాజరు సగటును బట్టి లెక్కిస్తుంది. ఈ పద్ధతిని మార్చి నమోదునే ప్రాతిపదికగా తీసుకోవాలన్న వాదం కొంతకాలంగా అక్కడి శాసనసభలో, విద్యారంగంలో వినిపిస్తున్నది. ఈ వ్యాసం ఆ రెండు ప్రమాణాల వెనుక ఉన్న తర్కాన్ని పరిశీలిస్తుంది. గైర్హాజరు బడికి ఖర్చు తగ్గించదని, హాజరు సూత్రం పేదపిల్లల లేమిని వారి బడి లోపంగా లెక్కగడుతుందని ప్రతిపాదిస్తుంది. అదే సమయంలో నమోదు ప్రమాణానికి ఉన్న పరిమితులను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: ప్రభుత్వ విద్య, పాఠశాల నిధులు, నమోదు, సగటు దినహాజరు, దీర్ఘకాలిక గైర్హాజరు, సమన్యాయం.

1. ప్రవేశిక

బడిలో రెండు రకాల పుస్తకాలుంటాయి. ఒకటి ప్రవేశాల రిజిస్టరు, రెండవది హాజరుపట్టీ. మొదటిది ఆ బడి ఎవరి బాధ్యతను స్వీకరించిందో చెబుతుంది. రెండవది ఆ రోజు ఎవరు వచ్చారో చెబుతుంది. ఈ రెండింటిలో ఏ పుస్తకాన్ని చూసి ప్రభుత్వం డబ్బు ఇవ్వాలన్న ప్రశ్న పైకి గణాంకశాఖకు సంబంధించిన చిన్న విషయంగా కనిపిస్తుంది. నిజానికి ప్రభుత్వం బడికి దేనికోసం డబ్బు ఇస్తున్నది, బాధ్యతను మోసినందుకా లేక ఒక సేవను అందించినందుకా అన్న మౌలిక ప్రశ్న ఇందులో ఉంది.

అమెరికాలో అధికశాతం రాష్ట్రాలు ఏదో ఒక రూపంలో నమోదునే ప్రాతిపదికగా తీసుకుంటాయి. కాలిఫోర్నియా, టెక్సాస్ వంటి కొద్ది రాష్ట్రాలు మాత్రం హాజరును పట్టుకొని ఉన్నాయి. సంఖ్యలో కొద్దివే అయినా విద్యార్థుల పరంగా అవి దేశంలోకెల్లా పెద్ద రాష్ట్రాలు. మిస్సిసిపి రాష్ట్రం 1997 నాటి తన పాత సూత్రాన్ని 2024లో రద్దుచేసి, నమోదు ఆధారంగా కొత్త సూత్రాన్ని తెచ్చుకుంది. కాలిఫోర్నియాలో 2022లో సెనేటర్ ఆంథొనీ పోర్టంటీనో ఇదే దిశలో ప్రవేశపెట్టిన బిల్లు చట్టం కాలేదు. 2023లో ఆయనే తెచ్చిన మరో బిల్లు చివరకు, ఈ మార్పు ప్రభావాన్ని అధ్యయనం చేయాలన్న ఆదేశంగా మిగిలింది. కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో తెలుగు కుటుంబాలు గణనీయంగా స్థిరపడ్డాయి. వారి పిల్లల్లో ఎందరో చదివే బడులు ఈ సూత్రం కింద నడిచేవే. కాబట్టి ఈ చర్చ తెలుగు సమాజానికి పూర్తిగా పరాయిది కాదు.

2. లెక్క నడిచే తీరు

కాలిఫోర్నియాలో 2013 నుంచి ‘స్థానిక నియంత్రణ నిధుల సూత్రం’ అమల్లో ఉంది. ఇందులో మూడు అంచెలున్నాయి. ప్రతి విద్యార్థికీ తరగతి స్థాయిని బట్టి ఒక మూల గ్రాంటు ఉంటుంది. పేద కుటుంబాల పిల్లలు, ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలు, ప్రభుత్వ సంరక్షణలో పెరిగే పిల్లల కోసం మూల గ్రాంటులో 20 శాతం అదనంగా ఇస్తారు. ఇటువంటి పిల్లలు 55 శాతాన్ని మించిన డిస్ట్రిక్టులకు, ఆ మించిన మేరకు మరొక ప్రత్యేక గ్రాంటు లభిస్తుంది.

అయితే ఈ గ్రాంట్లను గుణించేది నమోదుతో కాదు, ‘సగటు దినహాజరు’తో. పిల్లలు హాజరైన మొత్తం రోజులను బడి జరిగిన రోజులతో భాగిస్తే వచ్చే సంఖ్య అది. డిస్ట్రిక్టుల విషయంలో విద్యాసంవత్సరం మొదలు ఏప్రిల్ 15లోపు ముగిసే చివరి పూర్తి పాఠశాల మాసం వరకు ఉన్న హాజరును ప్రధానంగా లెక్కలోకి తీసుకుంటారు. ఒకప్పుడు అనారోగ్యం వంటి సమంజసమైన కారణంతో బడి మానిన రోజును హాజరుగానే పరిగణించేవారు. 1997లో చేసిన చట్టం ద్వారా 1998–99 విద్యాసంవత్సరం నుంచి ఆ మినహాయింపు తొలగిపోయింది. అప్పటినుంచి జ్వరంతో ఇంట్లో పడుకున్న పిల్లవాడికీ, బడి ఎగ్గొట్టి వీధిలో తిరిగిన పిల్లవాడికీ నిధుల లెక్కలో భేదం లేదు.

ఇక్కడ ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకోవచ్చు. ఒక డిస్ట్రిక్టులో 10,000 మంది పిల్లలు నమోదయ్యారనుకుందాం. హాజరు 95 శాతం ఉంటే 9,500 మందికి, 90 శాతం ఉంటే 9,000 మందికి డబ్బు వస్తుంది. తలసరి గ్రాంటు 10,000 డాలర్లు అనుకుంటే ఈ అయిదు శాతం తేడా విలువ 50 లక్షల డాలర్లు. ఆ మేరకు కోత పడాల్సింది ఉపాధ్యాయుల జీతాలలోనో, కౌన్సిలర్ల ఉద్యోగాలలోనో, గ్రంథాలయంలోనో.

3. గైర్హాజరు పొదుపు కాదు

హాజరు సూత్రంలో ప్రకటించని ఒక ఊహ దాగి ఉంది. పిల్లవాడు రాకపోతే బడికి ఆ మేరకు ఖర్చు తగ్గుతుందన్నది ఆ ఊహ. ఇది వాస్తవం కాదు. 30 మంది ఉన్న తరగతిలో ఈ రోజు ఇద్దరు, రేపు మరొకరు, ఎల్లుండి ఇంకో ఇద్దరు రారు. అయినా టీచరు ఒక్కరే, గది ఒక్కటే, బస్సు తిరిగే దారి ఒక్కటే. టీచరు జీతంలో ఇరవయ్యో వంతు తగ్గించే మార్గం ఏ ప్రధానోపాధ్యాయుడికీ లేదు. బడి ఖర్చు పిల్లవాణ్ణి చేర్చుకున్న రోజే ఖరారవుతుంది. అతడు రావచ్చునన్న అంచనాతోనే గది తెరుస్తారు, టీచరును నియమిస్తారు. కాబట్టి గైర్హాజరు వల్ల తగ్గేది ఖర్చు కాదు, ఆదాయం మాత్రమే. ఆ లోటును భరించేది రాని పిల్లవాడు ఒక్కడే కాదు, క్రమం తప్పకుండా వచ్చే పిల్లలు కూడా.

ఈ భేదం తెలుగు రాష్ట్రాల పాఠశాలల్లో పనిచేసేవారికి సుపరిచితమే. సమగ్ర శిక్ష కింద వచ్చే పాఠశాల గ్రాంటు నమోదు శ్రేణులను బట్టి ఉంటుంది. విద్యాహక్కు చట్టం అనుబంధం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులుండాలన్న నియమానికీ ప్రవేశాల సంఖ్యే ఆధారం. మధ్యాహ్న భోజనం లెక్క మాత్రం ఆ పూట తిన్న పిల్లల సంఖ్యను బట్టి నడుస్తుంది. ఇందులో వైరుధ్యమేమీ లేదు. ఒక పిల్లవాడు రాకపోతే ఒక విస్తరి బియ్యం మిగులుతాయి. కానీ ఒక పిల్లవాడు రానంత మాత్రాన టీచరు మిగలరు. మారే ఖర్చుకు హాజరు, మారని ఖర్చుకు నమోదు అన్న ఈ సరళమైన వివేచన కాలిఫోర్నియా సూత్రంలో లోపించింది.

ఇంకొక లోపం సగటు అన్న భావనలోనే ఉంది. ఒక తరగతిలో 30 మంది పిల్లలు తలా ఒక రోజు మానారనుకుందాం. మరొక తరగతిలో ఒకే పిల్లవాడు 30 రోజులు మానాడనుకుందాం. నిధుల లెక్కలో ఈ రెండూ సమానమే. విద్యాపరంగా మాత్రం మొదటిది సాధారణ విషయం, రెండవది ఒక జీవితం దారి తప్పుతున్నదన్న హెచ్చరిక. కాలిఫోర్నియాలో విద్యాదినాల్లో 10 శాతం, అంటే 180 రోజుల సంవత్సరంలో 18 రోజులు, లేదా అంతకు మించి మానిన విద్యార్థిని దీర్ఘకాలికంగా గైర్హాజరైనట్లు పరిగణిస్తారు. ఆ పిల్లవాడి ఇంటికి వెళ్లి విషయం కనుక్కోవాలంటే మనుషులు కావాలి, సమయం కావాలి, డబ్బు కావాలి. హాజరు సూత్రం సరిగ్గా ఆ సమయంలోనే డబ్బు తగ్గిస్తుంది.

4. సూత్రంలోని అంతర్వైరుధ్యాలు

స్థానిక నియంత్రణ నిధుల సూత్రానికి ప్రకటిత లక్ష్యం సమన్యాయం. అవసరం ఎక్కువ ఉన్న పిల్లలకు ఎక్కువ వనరులు ఇవ్వడమే దాని ఉద్దేశం. అందుకోసం అర్హులైన పిల్లల శాతాన్ని లెక్కించేటప్పుడు ఆ సూత్రం నమోదునే వాడుతుంది. ఆ శాతాన్ని గుణించే చోట మాత్రం హాజరును వాడుతుంది. అంటే అవసరాన్ని ఒక పుస్తకంలో చూసి, డబ్బును మరొక పుస్తకం ప్రకారం ఇస్తుంది.

దీని ఫలితాన్ని మరొక ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు. రెండు డిస్ట్రిక్టులలో తలా 1,000 మంది పిల్లలున్నారు. మొదటిదానిలో 600 మంది, రెండవదానిలో 100 మంది పేదపిల్లలు. రెండుచోట్లా పేదపిల్లల హాజరు 88 శాతం, తక్కినవారి హాజరు 96 శాతం. ఈ లెక్కన మొదటి డిస్ట్రిక్టు సగటు హాజరు 912, రెండవదానిది 952. నమోదు సమానమైనా పేద డిస్ట్రిక్టు 40 మంది పిల్లలకు సమానమైన మూల గ్రాంటును కోల్పోతుంది. 600 మంది కోసమని గుర్తించిన అదనపు గ్రాంటు కూడా సుమారు 547 మందికి సరిపడేంతగా కుదించుకుపోతుంది. ఒక చేత్తో ఇచ్చినదానిలో కొంత భాగాన్ని రెండో చేత్తో వెనక్కి తీసుకోవడమే ఇది. ఉబ్బసం, నిలకడలేని ఇల్లు, దూరమైన బస్సు, తమ్ముణ్ణి చూసుకోవలసిన బాధ్యత వంటి కారణాలు పేదరికంతో ముడిపడి ఉంటాయి. వాటిని బడి సృష్టించలేదు. వాటికి మూల్యం మాత్రం బడి చెల్లిస్తుంది.

రెండవ వైరుధ్యం మరింత గమనార్హం. కాలిఫోర్నియాలో కొన్ని డిస్ట్రిక్టులకు స్థానిక ఆస్తిపన్ను ద్వారానే సూత్రం నిర్దేశించిన మొత్తానికి మించిన ఆదాయం వస్తుంది. పాలో ఆల్టో వంటి సంపన్న ప్రాంతాల డిస్ట్రిక్టులు ఈ కోవకు చెందుతాయి. అక్కడ పిల్లలు మానినా ఆ మిగులు ఆదాయం తగ్గదు. హాజరును పెంచడానికి ఆర్థిక ఒత్తిడి అవసరమన్న సిద్ధాంతం నిజమైతే, ఆ ఒత్తిడి రాష్ట్ర నిధులపై ఆధారపడిన డిస్ట్రిక్టులకు మాత్రమే ఎందుకు వర్తిస్తున్నదన్న ప్రశ్నకు ఈ సూత్రంలో జవాబు లేదు.

మూడవది ‘స్వతంత్ర అధ్యయనం’ ఏర్పాటు. కొన్ని వారాల పాటు ఊరికి వెళ్లవలసిన కుటుంబం ముందుగా బడితో రాతపూర్వకమైన ఒప్పందం చేసుకొని, పిల్లవాడు ఇచ్చిన పని పూర్తిచేస్తే ఆ రోజులకు హాజరు లభించే అవకాశం ఉంది. డిసెంబరులో పెళ్లికోసమో, తాతమ్మలను చూడడం కోసమో హైదరాబాదుకో విజయవాడకో వచ్చే తెలుగు కుటుంబాలకు ఇది ఉపయోగపడే సదుపాయమే. అయితే దీన్ని వాడుకోవాలంటే ప్రయాణం ముందుగా తెలియాలి, నియమం తెలియాలి, కాగితాలు నింపే వీలుండాలి. రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చిన కుటుంబానికి ఆ మూడూ ఉండవు. ఫలితంగా ఏడు సముద్రాల అవతల ఉన్న పిల్లవాడు లెక్కలో హాజరై ఉంటాడు, బడికి నాలుగు వీధుల అవతల ఉన్న పిల్లవాడు లెక్కలోంచి జారిపోతాడు.

5. హాజరు ప్రమాణాన్ని సమర్థించే వాదం

ప్రత్యర్థి పక్షాన్ని దాని బలమైన రూపంలో చూడడం విమర్శకు ధర్మం. హాజరు ప్రమాణాన్ని సమర్థించేవారి మొదటి మాట ప్రోత్సాహం. పిల్లవాడు బడికి వస్తేనే డబ్బు అన్నప్పుడు అధికారులు అతణ్ణి రప్పించడానికి ప్రయత్నిస్తారు, పేరు రాసుకుంటే చాలు డబ్బు వస్తుందంటే ఆ శ్రద్ధ సడలుతుంది అని వారి వాదం. ఇందులో నిజం లేకపోలేదు. డబ్బు ముడిపడిన చోట అధికారుల దృష్టి నిలుస్తుంది.

కానీ ఆ దృష్టి దేనిమీద నిలుస్తుందన్నది పరిశీలించాలి. సగటును పెంచడానికి సులువైన దారి కష్టాల్లో ఉన్న ఒక్క పిల్లవాణ్ణి తిరిగి రప్పించడం కాదు, పండుగ సెలవుల ముందు రోజు మానే ఎందరో పిల్లలను ఆపడం. 2025–26 విద్యాసంవత్సరం నుంచి కాలిఫోర్నియా ప్రవేశపెట్టిన ‘హాజరు పునరుద్ధరణ’ తరగతులు కూడా ఇందుకు సంబంధించినవే. పిల్లవాడు బడివేళల తరువాతనో శనివారాలలోనో కూర్చుంటే ఏడాదికి గరిష్ఠంగా 10 రోజుల వరకు పోయిన హాజరును తిరిగి లెక్కలో చేర్చుకోవచ్చు. అటువంటి తరగతుల వల్ల పిల్లలకు మేలు జరగవచ్చు. కానీ నెలల తరబడి రాని పిల్లవాడి సమస్య ఈ 10 రోజుల పరిధిలో లేదు.

కాలిఫోర్నియాలో దీర్ఘకాలిక గైర్హాజరు 2018–19లో 12.1 శాతం ఉండగా 2021–22లో 30 శాతానికి చేరింది. ఈ పెరుగుదల మొత్తాన్నీ హాజరు సూత్రం వైఫల్యానికి సాక్ష్యంగా చూపడం న్యాయం కాదు. అది మహమ్మారి కాలం, పైగా అప్పుడు డిస్ట్రిక్టుల నిధులకు తాత్కాలిక రక్షణలు కల్పించారు. అయితే 2018–19 నాటి సంఖ్యకు ఈ సాకు లేదు. హాజరు సూత్రం పూర్తిగా అమల్లో ఉన్న రోజుల్లోనే ప్రతి ఎనిమిది మందిలో దాదాపు ఒకరు దీర్ఘకాలికంగా బడికి దూరమయ్యారు. కేవలం ఆర్థిక ఒత్తిడి వారిని బడికి తేలేకపోయింది.

ఆర్థిక ఒత్తిడి చాలనప్పుడు చట్టపరమైన ఒత్తిడి వస్తుంది. కాలిఫోర్నియా 2010లో చేసిన చట్టం, సరైన కారణం లేకుండా పిల్లలు ఎక్కువ రోజులు బడి మానితే తల్లిదండ్రులకు 2,000 డాలర్ల వరకు జరిమానా, ఏడాది వరకు జైలుశిక్ష విధించే వీలు కల్పించింది. పిల్లవాడి గైర్హాజరు మొదట బడికి నష్టమై, ఆ తరువాత తల్లికి నేరమయింది. ఈ క్రమంలో అతడు ఎందుకు రాలేదన్న ప్రశ్న చివరికి జరిగిపోయింది.

6. పాత సిద్ధాంతానికి కొత్త రూపం

బడిని ప్రతిఫలం చూపించి డబ్బు తీసుకునే సంస్థగా భావించడం కొత్త కాదు. ఇంగ్లండులో 1862లో రాబర్ట్ లో హయాంలో వచ్చిన సవరించిన నియమావళి, విద్యార్థుల సగటు హాజరుకు తలా 4 షిల్లింగులు, తగినన్ని రోజులు హాజరై చదవడం, రాయడం, లెక్కలు అనే మూడింటిలో పరీక్ష నెగ్గినవారికి తలా 8 షిల్లింగులు నిర్ణయించింది. పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన మాథ్యూ ఆర్నల్డ్ దీన్ని తీవ్రంగా విమర్శించాడు. బడి విస్తృత లక్ష్యం కుంచించుకుపోయి, గ్రాంటు తెచ్చిపెట్టే పని ఒక్కటే మిగులుతుందన్నది ఆ విమర్శల సారాంశం. ఈ పద్ధతిని 1890లలో దశలవారీగా ఉపసంహరించుకున్నారు.

తెలుగు జిల్లాలు అంతర్భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో సైతం 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఫలితాలను బట్టి గ్రాంట్లిచ్చే పద్ధతి నడిచింది. 1882లో ఏర్పడిన హంటర్ కమిషన్ ఈ పద్ధతిని చర్చించింది. ఎయిడెడ్ బడుల చరిత్రను పరిశోధించేవారికి ఇది తెలిసిన విషయమే. నేటి హాజరు సూత్రం పరీక్షను వదిలేసి హాజరును మాత్రం నిలుపుకున్న అదే ఆలోచనకు వారసత్వం. రెండింటిలోనూ రాజ్యం కొనుగోలుదారు, బడి అమ్మకందారు. పిల్లవాడు అందించిన సరుకు. సరుకు అందకపోతే చెల్లింపు లేదు.

7. నమోదు ప్రమాణానికి పరిమితులు

హాజరు ప్రమాణం లోపభూయిష్ఠమని చెప్పినంత మాత్రాన నమోదు ప్రమాణం నిర్దోషమని కాదు. మొదటి అనుమానం దొంగ లెక్కలు. భారతదేశ అనుభవం ఇక్కడ ఉపకరిస్తుంది. యూడైస్ ప్లస్ వ్యవస్థ 2022–23 నుంచి బడివారీ మొత్తాలకు బదులు విద్యార్థివారీ వివరాలు సేకరించడం మొదలుపెట్టింది. ఆ మార్పు తరువాత దేశంలో నమోదు సంఖ్య కోటికి పైగా తగ్గింది. పేర్ల పునరావృతం తొలగడం అందుకు ఒక కారణంగా చెబుతారు. ఒకే పిల్లవాడు ప్రభుత్వ బడిలోనూ ప్రైవేటు బడిలోనూ నమోదై ఉండడం మన ప్రాంతాల్లో ఎరిగిన సంగతే. కాబట్టి నమోదును నమ్మాలంటే విద్యార్థివారీ గుర్తింపు, ఏడాదిలో ఒకటి కంటే ఎక్కువసార్లు లెక్కింపు, పేరు ఉండి మనిషి లేని చోట తనిఖీ తప్పనిసరి.

అదే సందర్భంలో మరొక సంఖ్యను గుర్తుంచుకోవాలి. అసర్ 2024 నివేదిక ప్రకారం గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో సందర్శన రోజున విద్యార్థుల హాజరు సుమారు 76 శాతం. కాలిఫోర్నియా సూత్రం ఇక్కడ అమలైతే మన బడులు దాదాపు నాలుగో వంతు నిధులను కోల్పోతాయి. పంటకోతలకు, వలసలకు వెళ్లే కుటుంబాల ఊళ్లు అందరికంటే ఎక్కువ నష్టపోతాయి.

రెండవ పరిమితి మొత్తం నిధికి సంబంధించినది. కాలిఫోర్నియాలో విద్యకు కేటాయించవలసిన కనీస మొత్తాన్ని 1988లో ఆమోదించిన 98వ ప్రతిపాదన నిర్దేశిస్తుంది. రాష్ట్ర ఆదాయం ఆ గణనలో ప్రధానాంశం. లెక్కించే పద్ధతిని మార్చినంత మాత్రాన ఆ మొత్తం పెద్దగా పెరగదు. అందువల్ల అదనపు నిధులు లేకుండా నమోదుకు మారితే, తక్కువ హాజరున్న డిస్ట్రిక్టుల వాటా పెరిగి ఎక్కువ హాజరున్న డిస్ట్రిక్టుల వాటా తగ్గుతుంది. పేద డిస్ట్రిక్టులకు అది మేలే. కానీ పరిమిత వనరులతోనే కష్టపడి హాజరును నిలబెట్టుకున్న బడికి అది శిక్షగా తోచవచ్చు. కొంతకాలం పాటు ఏ డిస్ట్రిక్టుకూ పాత మొత్తం తగ్గకుండా చూడడం, ఆ మేరకు అదనపు సొమ్ము కేటాయించడం లేకుండా ఈ సంస్కరణ న్యాయం కాదు.

మూడవది, నమోదు తగ్గుదలకు ఈ మార్పు మందు కాదు. దశాబ్దం కిందట సుమారు 62 లక్షలున్న కాలిఫోర్నియా ప్రభుత్వ పాఠశాలల విద్యార్థుల సంఖ్య ఇప్పుడు 58 లక్షల స్థాయికి పడిపోయింది. జననాలు తగ్గడం, ఇళ్ల ధరలు భరించలేక కుటుంబాలు వలసపోవడం దీనికి ప్రధాన కారణాలు. 2022లో రాష్ట్రం ప్రస్తుత ఏడాది, గత ఏడాది, గత మూడేళ్ల సగటు అనే మూడింటిలో ఎక్కువగా ఉన్న హాజరును డిస్ట్రిక్టులు వాడుకునే వీలు కల్పించింది. అది పతనాన్ని నెమ్మదింపజేస్తుందే కాని ఆపదు. నమోదు ప్రమాణమూ అంతే.

8. ముగింపు

పై చర్చ నుంచి తేలేది ఇది. హాజరుపట్టీ విలువైన పత్రం. దాన్ని పక్కన పెట్టాలని ఎవరూ అనరు. అయితే అది రోగి నాడి వంటిది. నాడి బలహీనంగా ఉందని తెలిసినప్పుడు వైద్యుడు మందు పెంచుతాడు, తగ్గించడు. హాజరు సూత్రం ఈ క్రమాన్ని తలకిందులు చేసింది. నిధులకు నమోదు, బాధ్యతకు హాజరు అన్న విభజన ఇందుకు సరైన మార్గం. చేర్చుకున్న ప్రతి పిల్లవాడికీ పూర్తి నిధి ఇవ్వాలి. వరుసగా రాని ప్రతి పిల్లవాడి విషయంలో బడి ఏం చేసిందో రాతపూర్వకంగా చెప్పించాలి. నమోదువల్ల అదనంగా వచ్చే సొమ్ములో ఒక వాటాను గైర్హాజరు నివారణకే కేటాయించాలన్న ఆలోచన పోర్టంటీనో 2022 బిల్లులో కూడా ఉంది. ఆ భాగాన్ని నిలుపుకోకుండా చేసే సంస్కరణ సగం సంస్కరణే అవుతుంది.

హాజరుపట్టీలో గైర్హాజరు గుర్తు ఎదురుగా ఒక పేరు ఉంటుంది. ఆ గుర్తును చూసి ఎంత సొమ్ము తగ్గించాలని అడిగే ప్రభుత్వం ఒకటి, ఆ పేరును చూసి ఎవరిని పంపాలని అడిగే ప్రభుత్వం మరొకటి. ప్రభుత్వ పాఠశాల అన్న మాటకు అర్థం రెండవదానిలోనే ఉంది.